రెండేళ్ళ గుర్రప్పిల్లకి హాక్‌లో నీరు, ఎక్స్‌రేలో ఎముక పలుకు. కొనొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కావలి దగ్గర పొలంలో ఉంచుకోవడానికి రెండేళ్ళ మార్వాడీ జాతి మగ గుర్రప్పిల్లని చూశారు. ఎడమ వెనక్కాలి మధ్య కీలు, అంటే హాక్, ముందువైపు మెత్తగా ఉబ్బి ఉంది, కుంటు మాత్రం లేదు. మీరు పట్టుబట్టి తీయించిన ఎక్స్‌రేలో చిన్న ఎముక పలుకు కనిపించింది. డాక్టరు ఓసీడీ (ఎదిగే వయసులో కీలు దగ్గర మృదులాస్థి ముక్క లేచే జబ్బు) అని రాశారు. అమ్మే ఆయనేమో "పిల్లతనపు నీరు, సవారీ మొదలుపెడితే అదే లాగేస్తుంది" అంటున్నారు. మూడున్నర లక్షలు చెప్తున్నారు. మీకు సవారీకీ కావాలి, తర్వాత క్రాసింగుకీ (ఆడగుర్రాలకి దాటించడానికీ) వాడుకోవాలని ఉంది.

నా జవాబు ముందే చెప్తాను. సవారీకి మాత్రమే అయితే కొనొచ్చు. కానీ ఈ ధరకి కాదు, ఈ ఒక్క ఎక్స్‌రే చూసీ కాదు. క్రాసింగు ముఖ్యమైతే ఈ పిల్లని వదిలెయ్యండి.

ఓసీడీ అన్న పేరు వినగానే బేరం వదులుకునే వాళ్ళున్నారు, "ఏం కాదులే" అని కట్టుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. రెండూ నష్టమే. ఏ కీలులో ఉంది, ఆ కీలులో సరిగ్గా ఎక్కడుంది, గుర్రంతో మీరేం పని చేయించబోతున్నారు అన్న మూడు సంగతులు తేలకుండా అవునని గానీ కాదని గానీ అనలేం. నేను కొన్నేళ్ళు స్టడ్ ఫామ్‌లో పనిచేసి, తర్వాత నెల్లూరు, ప్రకాశం వైపు పశువైద్యం చేశాను. ఇక్కడ గుర్రాలు తక్కువే అయినా, కొనబోయే ముందు చూపించుకునే వాళ్ళు అంతకంటే తక్కువ. మీరు డబ్బు కట్టక ముందే అడిగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు ఇదేం జబ్బు

పిల్ల ఎదిగేటప్పుడు కీలు దగ్గర ముందు మృదులాస్థి పెరుగుతుంది, అది లోపలివైపు నుంచి మెల్లగా ఎముకగా మారుతూ వస్తుంది. ఆ మృదులాస్థికి రక్తం తెచ్చే సన్నని నాళాలు ఎక్కడైనా మూసుకుపోతే ఆ చోట ఎముకగా మారడం ఆగిపోతుంది. కింద గట్టిపడని భాగం, పైన మందమైన మృదులాస్థి మిగులుతాయి. పిల్ల గంతులేసినప్పుడు ఆ చోట పగులు వచ్చి, తేమ గోడ మీద సున్నం పెచ్చు లేచినట్టు ముక్క లేస్తుంది. ఆ ముక్క అక్కడే వేలాడుతుంది, లేదంటే విడిపోయి కీలులో తిరుగుతుంది. దాని వల్ల కీలు లోపలి పొర రేగి నీరు ఊరుతుంది. మీరు చేత్తో తాకి చూసిన మెత్తదనం ఆ నీరే.

ఇక్కడ వయసు లెక్క ముఖ్యం. హాక్‌లో ఇలాంటి మచ్చలు పుట్టిన తొలి నెలల్లో వస్తాయి, కొన్ని వాటంతటవే మానిపోతాయి కూడా. కానీ ఆ అవకాశం హాక్‌లో సుమారు ఐదు నెలల వయసుకీ, స్టైఫిల్‌లో (తొడ కింది పెద్ద కీలులో) ఎనిమిది నెలలకీ అయిపోతుంది. ఏడాది నిండాక ఎక్స్‌రేలో ఏది కనిపిస్తే అది దాదాపు ఉండిపోయేదే. మీ పిల్లకి రెండేళ్ళు. ఆ పలుకు ఇక కరగదు, అతుక్కోదు. సవారీ చేస్తే నీరు లాగేస్తుందన్న మాటకి ఆధారం లేదు. పని పెరిగే కొద్దీ నీరు ఎక్కువయ్యే గుర్రాలనే నేను ఎక్కువగా చూశాను.

ఏ కీలు అన్నదే సగం జవాబు

హాక్ అంటే వెనక్కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చి ఉండే కీలు. ఓసీడీ ఎక్కువగా కనపడే చోట్లలో ఇదొకటి, ఉన్నవాటిలో మంచి చోటు కూడా ఇదే. ఎందుకంటే పలుకు మామూలుగా వచ్చేది టిబియా (హాక్ పైన ఉండే పొడవాటి కాలి ఎముక) కింది కొసన మధ్య గట్టు మీద. బరువు నేరుగా మోసే చోటు అది కాదు. ఈ పలుకుతో కుంటకుండా ఏళ్ళ తరబడి పనిచేసే గుర్రాలు చాలా ఉంటాయి. ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి కెమెరాతో చూస్తూ చేసే కీలు సర్జరీ) చేసి తీసేసిన రేసు గుర్రాల్లో కూడా సుమారు నాలుగింట మూడు వంతులు తర్వాత పరిగెత్తాయని ప్రచురితమైన లెక్కలు ఉన్నాయి. అదే హాక్‌లో టాలస్ (టిబియా కింద ఉండే హాక్ ఎముక) బయటి గట్టు మీద గానీ, లోపలి మాలియోలస్ (టిబియా కింది కొసన లోపలివైపు బొడిపె) మీద గానీ ఉంటే, సర్జరీ బాగానే జరిగినా ఉబ్బు పూర్తిగా తగ్గకపోవడం ఎక్కువ. మీరు పెట్టిన రిపోర్టులో "హాక్ ఓసీడీ" అని మాత్రమే ఉంది, చోటు లేదు. డాక్టరుగారిని అడిగి ఆ చోటు రాయించుకోండి. ధర మాట్లాడేటప్పుడు ఆ ఒక్క మాటే మీ చేతిలో బలం.

స్టైఫిల్ వేరే కథ. తొడ కింద, పొట్ట అంచు దగ్గర ఉండే పెద్ద కీలు అది, మనిషి మోకాలితో సమానం. అక్కడ తొడ ఎముక బయటి గట్టు మీద మచ్చ వస్తుంది. రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే సర్జరీ తర్వాత ఫలితం బాగానే ఉంటుంది. నాలుగు సెంటీమీటర్లు దాటితే పనికి తిరిగొచ్చేవి సగమే అనుకోండి. అదే కీలులో తొడ ఎముక లోపలివైపు గుండ్రటి కొసలో (కాండైల్) ఎముక లోపల బుడగలాంటి సిస్టు వస్తే, పిల్ల పనిలో పెట్టేదాకా బాగానే ఉండి తర్వాత కుంటుతుంది. భుజం కీలులో ఓసీడీ ఉంటే నేను కొనమని ఎవరికీ చెప్పను, ధర ఎంత తగ్గించినా సరే. గిట్ట పైన ఉండే ఫెట్లాక్‌లో ఐతే చోటుని బట్టి.

ఒంగోలు దగ్గర ఒక ఆసామి పెంచిన పొడవైన పిల్ల నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఏడాదిన్నరకే మెడ ఎత్తి నిలబడితే ఎవరైనా ఆగి చూసేవాళ్ళు. నేను వెళ్ళేసరికి పడుకుని ఉంది. లేవమంటే ముందు కాళ్ళు ఆనించి, కాసేపు కుక్క కూర్చున్నట్టు కూర్చుని, తర్వాత రెండు వెనక్కాళ్ళూ ఒకేసారి లాక్కుంటూ లేచింది. పరిగెత్తించబోతే రెండు వెనక్కాళ్ళూ కలిపి కుందేలులా గెంతింది. ఎక్స్‌రేలో రెండు స్టైఫిళ్ళలోనూ గట్టు పొడవునా తిని పోయి ఉంది. పాలు, నెయ్యి, మిల్లు తవుడు, ఉలవలు దండిగా పెట్టారు, కట్టు విప్పింది లేదు. ఇంట్లో వాళ్ళకి ఆ పిల్లంటే ప్రాణం. ఆ పిల్ల సవారీకి రాలేదు.

ఆ మాట ఎందుకు చెప్పానంటే, మార్వాడీల ధర ఎత్తుని బట్టి పెరుగుతుంది. ఎత్తు తొందరగా రావాలని మేపే మేతే కీళ్ళ మీద పడుతుంది. వంశంలో ఉన్న లక్షణం, తొందర ఎదుగుదల, ఎక్కువ పిండిపదార్థం, రాగి తక్కువ, భాస్వరం ఎక్కువ, కదలిక లేకపోవడం ఇవన్నీ కలిసి తెచ్చే జబ్బిది. మన వరి ఊళ్ళలో తవుడు చౌక, అదే మొదటి తప్పు. తవుడులో భాస్వరం కాల్షియానికి పదింతలకు పైగా ఉంటుంది. గుర్రానికి కాల్షియం ఎప్పుడూ భాస్వరం కంటే ఎక్కువగా, ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో ఉండాలి. గేదెకి బాగా పనికొచ్చిన దాణా గుర్రప్పిల్లకి అదే లెక్కలో పనికిరాదు. మీరు చూసిన పిల్లకి ఇప్పటిదాకా ఏం పెట్టారో, తల్లికి చూలుతో ఉన్నప్పుడు మినరల్ మిక్స్చర్ పెట్టారో లేదో అడగండి. పాలలో రాగి తక్కువ కాబట్టి, పిల్ల తొలి నెలలకి కావలసిన రాగిని కడుపులో ఉండగానే కాలేయంలో దాచుకుంటుంది. తల్లి మేత సంగతి అందుకే అడగమంటున్నాను.

ఉబ్బుని మీరే తాకి చూడండి

కాలి పక్కన నిలబడి, పిల్ల సాయీసు చేతిలో ఉండగా, హాక్ ముందు లోపలివైపు ఉన్న ఉబ్బు మీద అరచేయి ఆనించండి. రెండో చేతి వేళ్ళు కీలు వెనక బయటివైపు గుంటలో పెట్టండి. ముందు నొక్కితే వెనక వేళ్ళకి నీరు తగులుతుంది. అలా తగిలితే అది కీలు లోపలి నీరు. హాక్ వెనక పొడుచుకొచ్చిన మూల మీద మాత్రమే టోపీలా లేచిన వాపైతే అది గోడకి తగిలించుకున్న దెబ్బ, కీలుకి సంబంధం లేదు. తాకితే కాలుతూ, కాలు కింద పెట్టలేనంత నొప్పి ఉంటే అది ఓసీడీ కాదు. కీలులో చీము పట్టి ఉండొచ్చు, ఆ రోజే డాక్టరు చూడాలి. అసలు హాక్ మరీ నిటారుగా ఉండే పిల్లలకి పలుకు లేకపోయినా కొంచెం నీరు ఉంటుంది. అందుకే ఎక్స్‌రే తప్పదు.

బేరానికి ముందు సూదితో నీరు తీసేసి, స్టెరాయిడ్ వేసి, వారం పది రోజులు చదునుగా కనపడేటట్టు చేసే దళారులు ఉన్నారు. ఉబ్బు కనిపించే పిల్లని మీకు చూపించారంటే మీ అమ్మకందారు ఆ పని చెయ్యలేదనే అర్థం. అది ఆయనకి మంచి గుర్తే. ఆ మనిషి మీద కోపం పెట్టుకోకుండా మాట్లాడండి.

డబ్బు కట్టే ముందు చేయించాల్సినవి

మొదటిది, రెండో హాక్ ఎక్స్‌రే. ఓసీడీ ఒక కాలిలో ఉంటే అదే కీలు రెండో కాలిలోనూ ఉండే అవకాశం దాదాపు సగం. రెండో కాలు ఉబ్బకపోయినా తీయించాలి. దాంతోపాటు రెండు స్టైఫిళ్ళూ తీయించండి. మీ వాళ్ళు హాక్ ఒక్క కోణంలో తీసినట్టుంది, అది చాలదు. టిబియా మధ్య గట్టు పలుకు ముందు లోపలి నుంచి వెనక బయటికి తీసే వాలు కోణంలో స్పష్టంగా పడుతుంది. సైడు, ముందు, రెండు వాలు కోణాలు కలిపి నాలుగు తియ్యమనండి. ఫిల్ము మీద గుర్రం పేరు, తేదీ, ఎడమా కుడీ గుర్తు ఉండాలి. వేరే గుర్రం ఎక్స్‌రే చూపించి అమ్మిన బేరాలు ఉన్నాయి. మీకు తిరుపతి వెటర్నరీ కాలేజీ గానీ, చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ గానీ దగ్గర. ముందు ఫోన్ చేసి, గుర్రం హాక్, స్టైఫిల్ ఎక్స్‌రే కావాలని చెప్పి రోజు తీసుకుని వెళ్ళండి. చిన్న పోర్టబుల్ మిషనుతో హాక్ తియ్యొచ్చు కానీ స్టైఫిల్ బాగా రావడానికి అనుభవం కావాలి.

రెండోది, నడక. గట్టి నేల మీద తిన్నగా నడిపించి, ట్రాట్ (మెల్లని పరుగు) చేయించి, తర్వాత రెండు వైపులా గుండ్రంగా తిప్పి చూడాలి. పొలం దున్నిన నేల మీద చూపిస్తే ఒప్పుకోకండి, చిన్న కుంటు మెత్తటి నేలలో దాక్కుంటుంది. ఆ పైన ఫ్లెక్షన్ పరీక్ష: వెనక్కాలు ఎత్తి మడిచి ఒకటిన్నర నిమిషం దాకా పట్టుకుని, వదిలిన వెంటనే ట్రాట్ చేయిస్తారు. మొదటి అడుగుల్లో కుంటితే ఆ కాలి కీలులో నొప్పి ఉందన్నమాట. ఒకటి గుర్తుంచుకోండి, గుర్రం వెనక్కాలిలో హాక్ మడిస్తే స్టైఫిల్ కూడా దాంతోపాటు మడుచుకుంటుంది. విడివిడిగా మడవడం కుదరదు. కాబట్టి ఈ పరీక్షలో కుంటితే అది హాక్ నొప్పే అని నిర్ణయించుకోవడానికి లేదు. స్టైఫిల్ ఎక్స్‌రే అడిగింది ఇందుకు కూడా.

పరీక్ష రోజున రక్తం తీసి దాచమని మీ డాక్టరుని అడగండి. ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందు వేసి ఉంటే కుంటు కనపడదు. తర్వాత తేడా వస్తే ఆ రక్తమే సాక్ష్యం. డాక్టరు మీరు పెట్టుకున్న మనిషై ఉండాలి, అమ్మేవాళ్ళ మనిషి కాకూడదు.

పళ్ళు కూడా చూడండి. ముందు మధ్య పాలపళ్ళు ఊడి గట్టి పళ్ళు వచ్చేది రెండున్నరేళ్ళకి. అవి అప్పుడే పైకొచ్చి ఉంటే మీకు చెప్పిన రెండేళ్ళు నిజం కాదు.

మన వైపు గుర్రం కొనేవాళ్ళు సుడులు గంటసేపు చూస్తారు. నమ్మకాన్ని నేను కాదనను, కానీ అందులో పావు వంతు సమయం వెనక్కాళ్ళ దగ్గర కూర్చుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ధర, సర్జరీ

రెండో హాక్ శుభ్రంగా ఉండి, స్టైఫిళ్ళు బాగుండి, ఫ్లెక్షన్‌లో కుంటకపోతే, ఉన్నది టిబియా మధ్య గట్టు పలుకే అయితే, పొలం మీద తిరగడానికీ మామూలు సవారీకీ ఈ పిల్ల పనికొస్తుంది. సర్జరీ వెంటనే చేయించాల్సిన పని లేకపోవచ్చు. బుచ్చిరెడ్డిపాళెం వైపు ఒక ఇంట్లో రెండు హాకుల్లోనూ పలుకులున్న ఆడగుర్రాన్ని తెలిసే కొన్నారు. ఎక్కువ తిరిగిన మర్నాడు నీరు కొంచెం పెరిగేది, రెండు రోజుల విశ్రాంతికి తగ్గేది. కుంటలేదు. వాళ్ళ పిల్లలు దాని మీదే సవారీ నేర్చుకున్నారు.

కానీ మీరు ఎండ్యూరెన్స్ (దూరపు సవారీ పోటీ), జంపింగ్ లాంటి గట్టి పని అనుకుంటున్నా, నీరు పెరుగుతూ పోతున్నా, పని పెట్టక ముందే పలుకు తీయించడం మేలు. ఏళ్ళ తరబడి పలుకు కీలుని రాపాడితే తర్వాత తీసినా అరుగుదల మిగిలిపోతుంది. గుర్రాలకి ఆర్థ్రోస్కోపీ చేసే చేతులు రేసు గుర్రాలున్న ఊళ్ళ వైపే ఎక్కువ. పూర్తి మత్తు ఇవ్వాలి, ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లో కూడా నూటికి ఒకటి దాకా మత్తులో పోయే ప్రమాదం ఉంది. తర్వాత రెండు మూడు నెలలు విశ్రాంతి. కాబట్టి ధర మాట్లాడేటప్పుడు సర్జరీ ఖర్చు, రానూపోనూ బండి ఖర్చు, విశ్రాంతి నెలల మేత, ఇవన్నీ తీసేసి మాట్లాడండి. రేపు మీరు అమ్మాలన్నా కొనేవాడికి ఈ పలుకు సంగతి చెప్పాల్సి ఉంటుంది, ఆ తగ్గింపు కూడా ఇప్పుడే కలపండి. బయానా ఇస్తే "రెండో హాక్, స్టైఫిళ్ళ ఎక్స్‌రేలు బాగుంటేనే మిగతా సొమ్ము, లేకపోతే బయానా వాపసు" అని కాగితం మీద రాయించుకుని ఇవ్వండి.

క్రాసింగు ఎందుకు వద్దంటున్నాను

ఓసీడీకి వంశం పాత్ర ఉందన్నది తేలిన విషయం. ఒక్క జన్యువుతో వచ్చేది కాదు కాబట్టి దీని పిల్లలన్నిటికీ వస్తుందని కాదు, కానీ అవకాశం పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లో వార్మ్‌బ్లడ్ అనే సవారీ జాతి గుర్రాల సంఘం వాళ్ళు స్టాలియన్‌ని (క్రాసింగుకి వాడే మగగుర్రాన్ని) ఒప్పుకునే ముందు హాక్, స్టైఫిల్ ఎక్స్‌రేలు చూస్తారు. సర్జరీతో పలుకు పోతుంది, రక్తంలో ఉన్నది పోదు. మీ ఊళ్ళో ఆడగుర్రం ఉన్న రైతు పదకొండు నెలలు చూలు మేపి, రెండేళ్ళు పిల్లని పెంచి, చివరికి మీలాగే ఎక్స్‌రే పట్టుకుని కూర్చోవడం మనకెందుకు? ఈ పిల్లని కొంటే విత్తు కొట్టించి సవారీకే ఉంచుకోండి. క్రాసింగుకి కావాలంటే రెండు హాకులు, రెండు స్టైఫిళ్ళు శుభ్రంగా ఉన్న పిల్లని, వీలైతే తల్లినీ చూసి కొనండి.

కొన్నాక

తవుడు ఆపండి. ఎండు గడ్డి, పచ్చి మేత ముఖ్యంగా ఉండాలి. పిల్లిపెసర గానీ లూసర్న్ గానీ కొంచెం కలిస్తే కాల్షియం అందుతుంది. ఉలవలు కొద్దిగా, ఉడకబెట్టి. గుర్రాలకని అమ్మే మినరల్ మిక్స్చర్ రోజూ. ఒళ్ళు చెయ్యనివ్వకండి, పక్కటెముకలు కంటికి కనపడకుండా చేతికి తగిలేట్టు ఉంటే చాలు. ముందు వెనక తాళ్ళతో రోజంతా కట్టెయ్యకుండా కంచె వేసిన జాగాలో వదలండి, దానంతటది నడిచే నడక కీళ్ళకి మంచిది. మూడేళ్ళు నిండేదాకా మనిషి బరువు పెట్టొద్దు. సముద్రం దగ్గరే ఉంది కదా అని ఇసకలో పరిగెత్తిస్తారు కొందరు. అలల దగ్గర తడిసి గట్టిపడ్డ ఇసకలో నడిపించడం వేరు, కాళ్ళు దిగబడే పొడి ఇసకలో దౌడు తీయించడం వేరు. రెండోది కండరాల్ని ఎముకకి కలిపే నరాల (టెండన్ల) మీదా కీళ్ళ మీదా పడుతుంది.

మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. పిల్ల రాజస్థాన్ నుంచో మహారాష్ట్ర సంత నుంచో వచ్చి ఉంటే గ్లాండర్స్ పరీక్ష కాగితం లేకుండా మీ పొలంలో దించుకోవద్దు. ఆ జబ్బు మనుషులకీ అంటుతుంది. తేలితే గుర్రానికి వైద్యం ఉండదు, పశువుల అంటువ్యాధుల 2009 చట్టం కింద చంపెయ్యాల్సి వస్తుంది. పశుసంవర్ధక శాఖ డాక్టరు ద్వారా రక్తం పంపిస్తే హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో పరీక్ష చేస్తారు. ఫలితం వచ్చేదాకా పిల్ల అమ్మేవాళ్ళ దగ్గరే ఉండనివ్వండి, ఎక్స్‌రేలకీ ఆ సమయం సరిపోతుంది.

రెండో హాక్, స్టైఫిళ్ళ ఎక్స్‌రేలు వచ్చాక ఇక్కడే పెట్టండి, ట్రాట్ వీడియో కూడా గట్టి నేల మీద పక్క నుంచీ వెనక నుంచీ తీసి పెట్టండి. చూసి చెప్తాను. అప్పటిదాకా పైన చెప్పిన షరతు కాగితం లేకుండా బయానా ఇవ్వకండి.